పంచాంగం చూసి పెట్టిన మూడు దినాలు

నాకు గర్భసంచి తీసేసిన సంగతి మా ఇంట్లో నలుగురికి తెలుసు. వీధిలో ఇంకెవరికీ తెలియకూడదని అందులో ముగ్గురు నిర్ణయించారు. నాలుగో మనిషిని నేను. నన్ను ఎవరూ అడగలేదు.

ఆ నిర్ణయం వల్ల ఏం జరిగిందో వరుసగా చెబుతాను. జబ్బు సంగతి నా ఒంటికి తెలిసినంతవరకే రాస్తాను. మిగతాది డాక్టర్లు రాసుకుంటారు. ఆపరేషను అయ్యాక ఇంటికి వచ్చిన ఆడదాని గురించి మాత్రం వాళ్ళు రాయరు. వాళ్ళు చూసేది ఆస్పత్రి గేటు దాకానే.

మాది చింతామణి. మావారు మిడిల్ స్కూలులో మేష్ట్రు, బెంగళూరు నుంచి వచ్చే ఒక దినపత్రికకు మా తాలూకా విలేకరి కూడా. ఆయన వార్త తెచ్చేవారు, నేను రాసేదాన్ని. వేరుశనగ ధరలు, చెరువు తెగడం, మంత్రి రాక, ఇలా పదహారేళ్ళు రాశాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమైంది అన్న వాటికి మించి ఒక మాట రాస్తే పత్రికవాళ్ళు కొట్టేసేవారు. ఇంట్లో మా ఇద్దరితోపాటు మా అత్త, మా ఒక్కగానొక్క కూతురు జయ. మావారిది గుడి సేవ చేసిన వంశం. అర్చకత్వం మా మామగారితో ఆగిపోయింది. మడి మాత్రం మా అత్త దగ్గర ఆగలేదు. ఇంట్లో ఆడవాళ్ళు నెలకు మూడు దినాలు బయట కూర్చోవలసిందే. మా ఇంట్లో బయట అంటే పెరటి వసారా. కట్టెల మోపుల పక్కన ఒక చాప, ఒక సత్తు చెంబు. నాలుగో దినం తలస్నానం చేశాకే లోపలికి రావడం.

కన్నడ జిల్లాలన్నీ కలిసి మైసూరు రాష్ట్రం పెద్దదైన మూడో ఏడు ఎండాకాలంలో ఆ మూడు దినాలు ఐదయ్యాయి, ఆ తర్వాత పది. అప్పుడు నాకు ముప్పై తొమ్మిది. ఆ వయసులో అలాగే ఉంటుందని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. నడుము విరిగినట్టుండేది. మా అత్తకు వేరే బాధ.

"నెలకు పది దినాలు బయట కూచుంటే వంట ఎవరు చేస్తారే అలివేలూ? నా మోకాళ్ళు చూస్తాండావు కదా."

"నేను కావాలని కూచుంటాండానా అత్తా?"

"నేనట్ల అన్లేదు. అడిగినాను, అంతే."

ఆరు నెలలు ఈ మాటలతోనే గడిచిపోయాయి. ఒక ఉదయం గోడ పట్టుకుని నిలబడలేకపోయాను. అప్పుడు మావారు చిక్కబళ్ళాపురం తీసుకుపోయారు. అక్కడి లేడీ డాక్టరు గది ముందు ఒక పొడుగాటి బెంచీ ఉంది. దాని మీద పదిమంది ఆడవాళ్ళం కూర్చున్నాం, మా మగవాళ్ళు ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఎవరి మొగుడూ ఎవరి పెళ్ళాం వైపూ చూడలేదు, తమ పెళ్ళాం వైపూ చూడలేదు. అందరూ ఒకే కిటికీలో నుంచి ఒకే వేపచెట్టును చూశారు.

డాక్టరమ్మ కన్నడంలో అడిగింది, ఎన్నాళ్ళ నుంచి అని. ఆరు నెలలన్నాను. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మావారు జవాబు చెప్పారు.

"ఇంట్లో పనులు, డాక్టర్."

ఆమె ఆయన వైపు కాసేపు చూసి, బెంగళూరుకు చీటీ రాసింది.

చిన్న రైల్లో బెంగళూరు పోయాం. ఆ రైలు శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి మీదుగా ఎంత మెల్లగా పోతుందో ఎక్కినవాళ్ళకు తెలుసు. దారి పొడుగునా మావారు ఒక్క మాట మాట్లాడలేదు. కోపం కాదు. ఆయనకు భయం వేస్తే అలాగే ఉంటారు.

ఆస్పత్రిలో ఐదు వారాలు ఉన్నాను. జబ్బు పేరు నాకు ఎవరూ చెప్పలేదు. మంచం కాళ్ళ దగ్గర వేలాడే కాగితం నేనే చదువుకున్నాను. నాకు ఇంగ్లీషు కొంచెమే వచ్చు, కానీ ఆ మాటకు కొంచెం చాలు. నేను చదివానని మావారికి చెప్పలేదు. సాయంత్రం ఆయన వచ్చి "మామూలు గడ్డే అంటాండారు" అన్నారు. "అవునా" అన్నాను. ఇద్దరం బత్తాయి తిన్నాం.

పక్క మంచం మనిషి కెంచార్లహళ్ళి నుంచి వచ్చిన రైతు ఇంటి ఆడది, రామక్క. నాకంటే వారం ముందు ఆమెకూ అదే ఆపరేషను. నాకు తెలివి వచ్చినప్పుడు మొదట వినబడిన గొంతు ఆమెది.

"లేస్తివా అక్కా? సంచి తీసేసినారంట. ఇంగ మనం మూటలు మోసే పని తప్పింది."

నవ్వితే కుట్లు నొప్పి పెట్టేవి. "నవ్వించొద్దు రామక్కా" అని ఏడ్చాను. ఆమె తన మంచం మీద నుంచి చెయ్యి చాపి నా చేతి వేళ్ళు పట్టుకుంది. ఆ ఐదు వారాల్లో నర్సులు, డాక్టర్లు కాక నన్ను ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. కులం అడగలేదు. నేనూ అడగలేదు. ఇంట్లో అయితే ఇద్దరమూ అడిగేవాళ్ళం.

ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టరు నన్నొక్కదాన్నే పిలిచి చెప్పింది. ఇక మీకు నెలనెలా రాదు, ఎప్పటికీ రాదు. ఒకవేళ ఒక్క చుక్క కనబడినా అది ముట్టు కాదు. ఆ దినమే బయలుదేరి రావాలి. అర్థమైందా? అర్థమైందన్నాను. నాచేత ఆ మాట తిరిగి చెప్పించింది. బడిపిల్లలా చెప్పాను. రైల్లో మావారికీ ఆ మాట చెప్పాను.

ఇంటికి వచ్చేసరికి నేను లేనందుకు కారణం తయారుగా ఉంది. బెంగళూరులో మా తమ్ముడి భార్యకు కాన్పు, సాయం పోయాను. మా తమ్ముడికి నిజంగానే ఆ నెలలో కొడుకు పుట్టాడు. మా అత్త అబద్ధంలో ఎప్పుడూ ఒక నిజం కలుపుతుంది.

ఎదురింటామె వచ్చి, "ఏమమ్మా, కాన్పు చేసేదానికి పోయి నువ్వే బాలింత మాదిరి అయినావే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కుట్లు లాగాయి.

ఆ రెండు నెలలు ఎలా ఉండిందో చెప్పడం కష్టం. పుండు మానింది, ఆకలి వేసింది, నడిచాను. కూర్చున్నచోట ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి పట్టినట్టు వేడెక్కి చెమటలు కారేవి. బియ్యం ఏరుతూ ఏరుతూ ఏడుపు వచ్చేది. ఎందుకని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. ఇంకో బిడ్డ కావాలని కాదు, ఆ ఆశ ఎప్పుడో పోయింది. ఇల్లు ఖాళీ చేసి పోయినవాళ్ళ గదిలో నిలబడినట్టు ఉండేది, అంతే. మావారు తన పడక ముందు గదిలోకి మార్చుకున్నారు. నాకు నిద్ర చెడకూడదని అన్నారు. మంచి కారణమే. ఆయన దేవుడి పటం దుమ్ము దులిపినట్టు జాగ్రత్తగా, దూరం నుంచి, నాతో మాట్లాడేవారు.

ఏడుపు సంగతి ఒకసారి మా అత్తతో అన్నాను.

"బతికి వచ్చినావు కదే. ఇంగ దేనికి ఏడుపు?"

బతికి వచ్చినవాళ్ళు ఏడవకూడదన్నది చాలా ఇళ్ళలో చట్టం.

అప్పటికి జయకు బాగేపల్లి సంబంధం చూస్తున్నారు. పిల్లవాడు తాలూకా ఆఫీసులో గుమాస్తా. జయకు నచ్చాడు. పిల్లవాడి ఫోటో తన లెక్కల పుస్తకంలో పెట్టుకుని, మేము చూడలేదనుకునేది.

ఒక మధ్యాహ్నం మా అత్త పంచాంగం ముందు పెట్టుకుని కూర్చుని నన్ను పిలిచింది.

"ఎల్లుండి నువ్వు బయట చేరల్ల."

నాకు అర్థం కాలేదు. "ఏంటికత్తా? నాకు ఇంగ రాదు కదా."

"రాదని వీధికి తెలుసునా? వచ్చి రెండు నెలలాయ, ఒక్కసారి బయట చేరలేదు. ఎదురింటిది అడిగింది, మీ కోడలికి నెల తప్పిందా అని. ఏం చెప్పల్ల?"

"నిజం చెప్పు."

"చెప్తా. తల్లికి రాచపుండు వచ్చి సంచి తీసేసినారని చెప్తా. బాగేపల్లి వాళ్ళు ఊరుకుంటారా? రేపు బిడ్డకి రాదా అంటారు. ఏమప్పా, నువ్వు చెప్పు."

ఆస్పత్రి కాగితం మీద క్యాన్సర్ అని ఉన్నదాన్ని మా అత్త రాచపుండు అంటుంది. ఆ చివరి మాట మావారితో. ఆయన పత్రిక చదువుతున్నారు. తల ఎత్తకుండానే, "అమ్మ చెప్పేది కూడా సరే. పెళ్ళి అయ్యేదాకా" అన్నారు.

జయ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నేను ఆమె ముఖం చూసి ఒప్పుకున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉందని అందుకే రాస్తున్నాను.

అలా నా ముట్టు మా అత్త చేతికి పోయింది. అంతకు ముందు నా ఒళ్ళు పండగలు చూసుకునేది కాదు. ఎన్ని వరలక్ష్మీ వ్రతాలు పెరట్లో కూర్చుని గడిపానో. ఇప్పుడు మా అత్త పంచాంగం చూసి, ఏకాదశి దాటించి, వ్రతాలు తప్పించి, తద్దినాలకు వంట ఆగకుండా మంచి దినాలు ఎంచేది. ఆమె ఎంచిన దినం ఉదయం నేను పెరటి వసారాలోకి పోయి చాప మీద కూర్చునేదాన్ని. ఆమె వీధికి వినబడేలా, "జయా, మీ అమ్మ బయట చేరింది, తాకొద్దు" అని అరిచేది. నాలుగో దినం నేను కట్టుకున్న కోక, దుప్పటి చాకలి మునెమ్మ మూట కట్టుకుని పోయేది.

నిజంగా ముట్టు అయినప్పుడు ఆ మూడు దినాలు నాకు సెలవు. ఎవరూ పని చెప్పేవారు కాదు. పాత పత్రికలు చదువుకునేదాన్ని. ఇప్పుడు చదవాలంటే అక్షరం ఎక్కేది కాదు. లేనిదాన్ని ఉన్నట్టు నటిస్తూ మూడు దినాలు కూర్చుంటే, లేదన్న సంగతి తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు. మరిచిపోదామన్నా నెలకొకసారి నన్ను కూర్చోబెట్టి గుర్తు చేసేవారు. ఎనిమిది నెలలు ఇది జరిగింది. ఈలోగా బాగేపల్లివాళ్ళు వచ్చారు, చూశారు, ఒప్పుకున్నారు, లగ్నం కుదిరింది.

తొమ్మిదోసారి కూర్చున్నప్పుడు, రెండో దినం, నాకు రక్తం కనబడింది.

ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాయాలి. నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. డాక్టరు నాచేత చెప్పించిన మాట గుర్తుంది. గుర్తుండి కూడా, ఒక పూట పాటు నేను ఆ చాప మీద పెళ్ళికూతురిలా కూర్చున్నాను. పోయినది తిరిగి వచ్చిందనుకున్నాను. నేను చేస్తున్నది నాటకం కాదనుకున్నాను. నలభై దాటిన ఆడది, తాలూకా వార్తలన్నీ రాసిన ఆడది, అలా అనుకుంది. ఇంత చదివినదానివి ఎలా అనుకున్నావని తర్వాత చాలామంది అడిగారు. ఎనిమిది నెలలు ఆ వసారాలో కూర్చోనివాళ్ళకు నేను చెప్పలేను.

మా అత్తకు చెప్పాను. ఆమె ముఖం విచ్చుకుంది.

"చూస్తివా? దేవుడే మన మాట నిలబెట్టినాడు. వేరు మిగిలి ఉంటాది, మళ్ళా చిగురు పెట్టింది. ఇంగ అబద్ధం చెప్పే పని లేదు."

ఆమె చెడ్డది కాదు. ఆ దినం నాకు పాయసం చేసి పెట్టింది, మోకాళ్ళ నొప్పితో నిలబడి.

నాలుగో దినం మునెమ్మ బట్టలు తీసుకుపోయింది. మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ఎప్పుడూ అలా రాదు. పెరటి తలుపు దగ్గర నిలబడి, మా అత్త లోపల ఉందా అని చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మా, రొంత మాట. కోపం చేసుకోవద్దు."

"చెప్పు మునెమ్మా."

"ఎనిమిది నెలలుగా నువ్వు ఇచ్చే కోకకి ఒక్క మరక లేదమ్మా. ఉతికే పని లేదు, నీళ్ళలో ముంచి తెస్తాండాను."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "నీకు తెలుసునా అయితే?"

"బట్టలు ఉతికేదాన్ని, నాకు తెలీకుండా పోతాదా? ఈ వీధిలో యాడ ఏముండాదో ముందు నాకే తెలిసేది. పెద్దోళ్ళ ఇండ్ల మాట, మనకేల అని గమ్మున ఉంటిని. ఈపొద్దు చూస్తిని. ఇది ముట్టు కాదమ్మా. నీళ్ళ మాదిరి ఉండాది, వాసన ఉండాది. మా అక్కకి ఇట్లనే అయ్యె. మా అక్కని మేము యాడికీ తీసకపోలేదు."

"ఏమయింది మీ అక్కకు?"

మునెమ్మ లోపలి వైపు ఇంకోసారి చూసింది. "పోమ్మా" అంది. "రేపు మాపు అనొద్దు. నేను చెప్పినానని మాత్రం పెద్దమ్మకి చెప్పొద్దు, నా కూడు పోతాది."

అప్పటికి పెళ్ళి పద్దెనిమిది దినాలుంది. స్కూలు నుంచి రాగానే మావారితో చెప్పాను. ఆయన చేతిలో గొడుగు ఇంకా అలాగే ఉంది.

"డాక్టరు ఏమన్నదో గుర్తుంది కదా" అన్నాను.

"గుర్తుంది. పద్దెనిమిది దినాలే కదే. తాళి కట్టిన మర్నాడు నేనే పిలుచుకుని పోతా. పద్దెనిమిది దినాల్లో ఏమయిపోతాది?"

చెరువు కట్ట బీటలిచ్చింది, పండగ కాగానే మరమ్మతు చేస్తామని అధికారులు చెప్పారు అన్న వార్త నేనే ఎన్నోసార్లు రాశాను. తర్వాత వారం ఏ వార్త రాశానో కూడా నాకు గుర్తుంది.

జయ దగ్గరికి పోయాను. జాకెట్టుకు గుండీలు కుట్టుకుంటోంది. అంతా విని, దారం పంటితో తెంపి, మెల్లగా అడిగింది.

"తొమ్మిది నెలలు ఓర్చుకుంటివి కదమ్మా. పద్దెనిమిది దినాలు ఓర్చుకోలేవా?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఓర్చుకోలేనన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు. అప్పటిదాకా ఆ ఇంట్లో నేను దేనికీ ఆ మాట అనలేదు.

మర్నాడు ఉదయం నేను రైలు ఎక్కాను. మావారు స్టేషను దాకా వచ్చారు. ప్లాట్‌ఫారం మీద నిలబడి, నా సంచీ కిటికీలో నుంచి అందించి, "ఉండు, టికెట్టు నేనూ తెస్తా" అని పోయి, వచ్చి ఎక్కారు. ఆయన మంచితనం అంతే, ఎప్పుడూ రైలు కదిలే ముందు వస్తుంది.

ఎక్కే ముందు ఒక పని చేశాను. బాగేపల్లివాళ్ళకు జాబు రాసి స్టేషను డబ్బాలో వేశాను. ఐదు వాక్యాలు. నాకు ఏ జబ్బు వచ్చింది, ఎప్పుడు ఆపరేషను అయింది, మీకు ఎందుకు చెప్పలేదు, ఇప్పుడు ఎక్కడికి పోతున్నాను, జయకు ఏ జబ్బూ లేదు. ఆ జాబు నిజం చెప్పాలని రాశానో, ఇంట్లో ముగ్గురి మీద కోపంతో రాశానో ఇన్నేళ్ళు ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. నేను రాయకపోతే, పెళ్ళి వాయిదా వేయడానికి మా అత్త ఇంకో కారణం కనిపెట్టి ఉండేది. ఆ సంబంధం నిలిచి ఉండేదేమో.

ఆస్పత్రిలో డాక్టరు చూసి, ఏ రోజు కనబడిందని అడిగింది. మూడు రోజుల కిందట అన్నాను. ఆమె ముఖం కొంచెం తెరిపిన పడింది. పెళ్ళి దాకా ఆగి ఉంటే అని అడిగాను. ఆమె చేతులు తుడుచుకుంటూ, "అడగొద్దు, వచ్చావు కదా" అంది కన్నడంలో.

ఈసారి కత్తి లేదు. కరెంటు పెట్టారు, అంటే పుండును మాడ్చే కిరణాలు. దాని సంగతి రాయను. ఏడు వారాలు అన్నం చేదుగా ఉండేది, మూత్రానికి పోవాలంటే కళ్ళనీళ్ళు వచ్చేవి. అక్కడి వెయిటింగు బెంచీ మీదే రామక్క మళ్ళీ కనబడింది. చూపించుకోవడానికి వచ్చింది. ఒళ్ళు చేసింది, మెడలో ఎర్రపూసలు కొత్తవి.

"బాగుండావా రామక్కా?"

"నాకేమక్కా. నా మొగుడు ఇంగోదాన్ని తెచ్చుకున్న్యాడు. సంచి లేనిదానితో ఏం కాపురం అన్న్యాడు. మంచిదే అయ్యింది. ఆవులకి గడ్డి ఇప్పుడు ఇద్దరం కోస్తాండాము."

"నీకు బాధ లేదా?"

"ఉండాది. ఆ మాట ఎవరితో చెప్పేది? ఆవులతో చెప్తాండాను. అవి నయం, బతికి వచ్చినావు కదా అనవు."

ఇద్దరం నవ్వాం. బెంచీ మీద మిగతా ఆడవాళ్ళు మా వైపు చూశారు. కాసేపటికి వాళ్ళలో ఒకామె జరిగి మా దగ్గరికి వచ్చి, తనకు కూడా ఊరికే ఏడుపు వస్తుందని, అది జబ్బులో భాగమేనా అని అడిగింది. నాకు తెలియదన్నాను. నాకు కూడా వస్తుందని చెప్పాను. అంతే. ఆమెకు అది చాలినట్టుంది. డాక్టర్లు పిలిచేదాకా మా పక్కనే కూర్చుంది.

నేను ఆస్పత్రిలో ఉండగానే బాగేపల్లి నుంచి కార్డు వచ్చింది. జాతకాలు మరొకచోట చూపించగా పొంతన కుదరలేదని పిల్లవాడి తండ్రి రాశారు. నా జబ్బు మాట లేదు. మర్యాదస్తులు.

ఇంటికి వచ్చాక జాబు సంగతి నేనే చెప్పాను. జయ నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్ళు కాచేది, మందు సమయానికి తెచ్చి పక్కన పెట్టేది. మాట లేదు. మా అత్త మాత్రం మాట్లాడింది.

"నీ ప్రాణం నీకు దక్కింది. దాని బతుకు ఏం చేస్తావో చూడు."

పెళ్ళి ఆగి, నేను ఏడు వారాలు ఆస్పత్రిలో ఉండడంతో వీధి అంతటికీ తెలిసింది కనుక పెరటి వసారా అవసరం ఇక లేకపోయింది. ఎదురింటామె రెండు నెలలు మా ఇంటికి రాలేదు, తర్వాత వచ్చి మునుపటిలాగే కూర్చుంది. మునెమ్మ ఇప్పటికీ బట్టలు తీసుకుపోతుంది. ఆమె చెప్పిందని నేను ఎవరికీ చెప్పలేదు. మొన్న మాఘంలో ఆమె పోరు పెట్టి, నేను ఇది రాసేటప్పుడు తన పేరు వేయమంది. మా అత్త కాలం చేసింది కనుక ఆమెకు ఇప్పుడు భయం లేదు.

రెండేళ్ళు దాటాక జయకు చిక్కబళ్ళాపురంలో సంబంధం కుదిరింది. పెళ్ళికి ముందు ఆమె నా గదిలోకి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"వీళ్ళకు నువ్వు జాబు రాయొద్దమ్మా."

రాయనని మాట ఇచ్చాను. ఆరు నెలలకొకసారి నేను చూపించుకోవడానికి బెంగళూరు పోతాను. రైలు చిక్కబళ్ళాపురం మీదుగానే పోతుంది. స్టేషనులో దిగను. నేను మా తమ్ముడి ఇంటికి పోతున్నానని జయ అత్తగారింట్లో అనుకుంటారు.

పోయిన ఏడు జయకు సీమంతం చేశారు. మమ్మల్ని పిలిచారు. నేను గాజులు, చీర, పసుపు కుంకుమ, ఒడి బియ్యం అన్నీ సర్దుకుని పోయాను. మొదట ఒడి నింపవలసింది కన్నతల్లి. గడప లోపల కాలు పెట్టబోతుండగా జయ ఎదురొచ్చింది. కడుపు బాగా కనబడుతోంది. నన్ను చూసి ఆగి, వెనక్కి తిరిగి, తన అత్తగారితో గట్టిగా చెప్పింది.

"అత్తా, అమ్మ దారిలోనే బయట చేరిందంట. లోపలికి రాకూడదు."

ఆ అత్తగారు మంచి మనిషి. "అయ్యో, ఈ దినమే కావల్లనా అమ్మా" అని నొచ్చుకుని, పెరటి వైపు చాప వేయించింది.

నాకు నలభై అయిదు దాటాయి. ఆమె నమ్మింది. జయ ఎందుకు అలా చెప్పిందో నాకు రెండు కారణాలు తోచాయి. నన్ను లోపల కూర్చోబెడితే ఎవరో ఒకరు నా సంగతి ఎత్తుతారని భయపడి ఉండాలి. లేకపోతే, గర్భసంచి లేని ఆడదాని చేత ఒడి నింపించుకుంటే కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందని భయపడి ఉండాలి. ఏదో నేను అడగలేదు. ఒక్క మాట చెప్తే చాలు, నాకు బయట కూర్చునే పని లేదమ్మా అని. నోటి దాకా వచ్చింది. మావారు నా వైపు చూసి, కిందికి చూశారు.

పోయి పెరట్లో కూర్చున్నాను. లోపల పాటలు వినబడ్డాయి, గాజుల చప్పుడు వినబడింది. నేను తెచ్చిన ఒడి బియ్యం జయ ఆడబిడ్డ పోసిందని తర్వాత మావారు చెప్పారు.

భోజనాల వేళ జయ తానే నాకు ఆకు తెచ్చింది. కొంచెం దూరంలో వంగి నేల మీద పెట్టింది. వంగడం ఆమెకు కష్టంగా ఉంది. లేవబోతూ, వాకిలి వైపు ఒకసారి చూసి, పెదవులు కదిలీ కదలకుండా అడిగింది.

"ఈతూరి డాక్టరమ్మ ఏమన్నిందమ్మా?"

ఇన్నేళ్ళలో నా జబ్బు గురించి ఆమె నన్ను అడగడం అదే మొదటిసారి.

"ఏమీ లేదన్నింది. బాగుండానన్నింది."

"బరువు తగ్గినావు."

"రైలు ప్రయాణం కదా."

ఆమె చెయ్యి కొంచెం ముందుకు వచ్చింది. నా చెంప దాకా వస్తుందనుకున్నాను. లోపలి నుంచి ఎవరో ఆడవాళ్ళు పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. జయ చెయ్యి వెనక్కి తీసుకుని, నడుము మీద పెట్టుకుని, నన్ను తాకకుండా లోపలికి పోయింది. ఆకులో నాకు ఇష్టమని వేరుగా తెచ్చిన మామిడికాయ పచ్చడి ఉంది. నేను తినడం మొదలుపెట్టాను.